గోడవైపు తిప్పిన గంగాళం

మేం అని రాస్తున్నాం. రాసేది ఒక్కరే కదా, మేం అనడమేమిటని మీరడగొచ్చు. మా ఇంట్లో అంతే. మా దాదీ తనొక్కతికి తలనొప్పి వచ్చినా ‘హమారా సర్ దుఖ్‌రా’ అనేది. ఉర్దూలో హమ్ ఒక్కటే మాట. తెలుగులోకి వచ్చాకే మాకు చిక్కొచ్చింది. ఇక్కడ మేము వేరు, మనము వేరు. ఎదుటివాణ్ణి కలుపుకోవాలా, పక్కన పెట్టాలా తేల్చుకున్నాకే నోరు తెరవాలి. ఈ రాతలో ఎక్కడ మేం అంటామో, ఎక్కడ మనం అని జారిపోతామో మాకూ తెలీదు.

ఒక నాటకం గురించి చెప్పాలని కూర్చున్నాం. మహేశ్ దత్తాని ఇంగ్లీషులో రాసిన ‘ఫైనల్ సొల్యూషన్స్’. 1993 జూలైలో బెంగుళూరులో మొదటిసారి ఆడింది. అప్పటికి బాబ్రీ మసీదు కూల్చి ఏడు నెలలు. అదే యేడు బొంబాయిలో అలీక్ పదంసీ వేయించాడు. ఈ నాటకం పేరుతో వచ్చిన సంపుటికే 1998లో దత్తానికి సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చారు. మేం 1999లో బి.ఎ. చదువుతూ దీన్ని చదివాం. క్లాసులో పాత్రలు పంచి పైకి చదివించేవారు. జావేద్ పాత్ర మాకే వచ్చింది. అడగక్కర్లేకుండానే వచ్చింది. చదువుతుంటే వెనక బెంచీలో ఎవరో దగ్గారు. అంతకు మించి ఏమీ జరగలేదు. జరగకపోయినా ఇన్నేళ్లు గుర్తుండే సంగతులు మా బతుకుల్లో చాలా ఉంటాయి.

కథ తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఊరు అమర్‌గావ్. గాంధీలనే గుజరాతీ వ్యాపారుల ఇల్లు. ఊళ్లో రథం ఊరేగింపు మీద దాడి జరిగి అల్లర్లు రేగాయి. ఇద్దరు ముస్లిం కుర్రాళ్లు, జావేద్, బాబీ, గుంపు తరుముతుంటే వచ్చి ఆ ఇంటి తలుపు కొడతారు. ఇంటాయన రమ్నిక్ లోపలికి రానిస్తాడు. ఉదారవాది. మనకు బాగా తెలిసిన రకం. భార్య అరుణకు మడీ పూజా ముఖ్యం. కూతురు స్మితకు ఆ కుర్రాళ్లు ముందే తెలుసు. రమ్నిక్ తల్లి పేరు హార్దిక. పదిహేనేళ్ల వయసులో, 1948లో, కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఆమె పేరు దక్ష. అప్పటి దక్ష ఒక మూల కూర్చుని డైరీ రాస్తుంటుంది, ఇప్పటి ముసలామె ఇంకో మూల కూర్చుని ఉంటుంది. ఇద్దరూ ఒకే స్టేజీ మీద. ఇంటి సామానంతా ఉత్త చెక్క దిమ్మలే. వంటగది, పూజగది మాత్రం ఉన్నవున్నట్టు కట్టమంటాడు రచయిత. మన ఇళ్లల్లో నిజంగా ఉండేవి ఆ రెండు గదులేనని ఆయన ఉద్దేశమేమో. చుట్టూ గుంపు. నల్లబట్టల గుంపు. కర్రలకు తగిలించిన ముసుగులు అయిదు హిందువులవి, అయిదు ముస్లిములవి. అదే మనిషి ఈ ముసుగెత్తితే ఈ గుంపు, ఆ ముసుగెత్తితే ఆ గుంపు.

దక్షకు పాటల పిచ్చి. షంషాద్ బేగం, నూర్‌జహాన్, సురయ్యా. దేశం విడిపోయిన రోజుల్లో హుస్సేనాబాద్‌లో వాళ్లింటి మీద పడ్డ రాళ్లకు ఆ రికార్డులన్నీ పగిలిపోయాయి. రాళ్లేసింది ముస్లిములు. పగిలిన గొంతులూ ముస్లిములవే. మెట్టినింట్లో ఆమెకు ఒక్కర్తే స్నేహితురాలు, జరీన్. జరీన్ తండ్రి దుకాణం అల్లర్లలో తగలబడింది. ఆ తర్వాత వాళ్లు దక్ష అత్తగారింటి వాళ్లతో ముఖం చాటేశారు. అంత పొగరేమిటని దక్ష మనసు విరిగింది. ఆ విరిగిన మనసుతోనే ముసలిదయింది. వాళ్లజాతి అంతే అని కొడుక్కీ మనవరాలికీ చెబుతూ వచ్చింది.

రహస్యం చివర్లో బయటపడుతుంది. ఆ దుకాణం తగలబెట్టింది గుంపు కాదు. దక్ష భర్త, మామ. తగలబెట్టి, సగం ధరకు వాళ్ల దగ్గరే కొన్నారు. ఇప్పుడు రమ్నిక్ కూర్చునే దుకాణం అదే. రమ్నిక్‌కు ఇది చాలాకాలంగా తెలుసు. తల్లికి చెప్పలేదు. అంతకుముందే జావేద్‌తో, నా దుకాణంలో ఉద్యోగమిస్తానంటాడు. చదివినప్పుడు అది మంచితనం అనుకున్నాం. చివరి పేజీకొచ్చాక అది వడ్డీ అని తెలిసింది.

ఇబ్సెన్ 1881లో ‘ఘోస్ట్స్’ రాసిన దగ్గర్నుంచి ఇలాంటి నాటకాలకు ఒక దారి పడింది. చచ్చిపోయిన పెద్దమనిషి చేసిన పని బతికున్న పిల్లల కాళ్లకు చుట్టుకుంటుంది. ఇబ్సెన్ సొంత భాషలో దాని పేరుకు అర్థం తిరిగి వచ్చేవాళ్లని. ఆయన దగ్గర తిరిగొచ్చేది తండ్రి రోగం. దత్తాని దగ్గర తిరిగొచ్చేది ఆస్తి. మన దేశంలో ఆస్తి రోగం కంటే తొందరగా అంటుకుంటుంది.

రంగస్థలం మీద చూసింది చాలా ఏళ్ల తర్వాత, 2012లో. హైదరాబాద్‌లో కాలేజీ పిల్లలు వేశారు. మా పేపరుకు సమీక్ష రాయమని పంపారు. చదివినప్పుడు మేం పట్టించుకోని ఒక చోటు స్టేజీ మీద మమ్మల్ని పట్టుకుంది. కుర్రాళ్లిద్దరూ గ్లాసుల్లో తాగి కింద పెడతారు. అరుణ వచ్చి వాళ్ల పెదవులు తగలనిచోట రెండు వేళ్లతో పట్టుకుని ఆ గ్లాసులు తీసుకుపోతుంది, మిగతా గ్లాసుల్లో కలపకుండా వేరే పెడుతుంది. మాట లేదు. అరుణ వేసిన అమ్మాయి ఆ పని ఎంత అలవాటుగా చేసిందంటే, నేర్పించనక్కర్లేకపోయిందేమో అనిపించింది. హాల్లో మా ముందువరుసలో ఒకావిడ భర్త చెవిలో ఏదో చెప్పి నవ్వింది. మాకూ అలాంటి స్టీలు గ్లాసులు తెలుసు. స్నేహితుల ఇళ్లల్లో వసారా గూట్లో విడిగా ఉండేవి. మా ఇంటి సంగతీ చెప్పాలి. దొడ్డి శుభ్రం చెయ్యడానికొచ్చే ఆమెకు అమ్మీ చాయ్ పోసే కప్పుకు పిడి లేదు. ఆ కప్పు దస్తర్‌ఖాన్ మీదికి ఎన్నడూ రాలేదు. ఇస్లాంలో అంటు లేదని జుమ్మాకు జుమ్మాకు వింటాం.

సమీక్షలో గ్లాసుల గురించి రాశాం. డెస్కులో ఎవరో ఆ పేరా తీసేశారు. స్థలం చాలలేదట. మతసామరస్యానికి అద్దం పట్టిన నాటకం అని ఒక వాక్యం కలిసింది. మేం రాయని ఆ వాక్యం మీద మా పేరుంది.

ఇక్కడిదాకా వేరేవాళ్ల ఇంటి కథ. వేరేవాళ్ల సందూక్ తెరిచి చూడడంలో ఒక సుఖం ఉంటుంది. హాల్లోంచి బయటికి వస్తుంటే మాకు ఆ సుఖం ఉంది, దాచుకోము. చూశారా, చివరికి తగలబెట్టింది వాళ్లే. బస్సులో సగం దూరం వచ్చాక మా ఇంటి గంగాళం గుర్తొచ్చింది.

మాది తెలంగాణలో ఒక చిన్న పట్నం. పేరు చెప్పం. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. మా దాదా నిజాం కాలంలో కరోడ్‌గిరి నాకాలో జవాను. ఖాకీ బట్టలు, పెద్ద మీసాలు. 1948 తర్వాత ఆ కొలువు పోయింది. చచ్చేదాకా సైకిళ్లకు పంక్చర్లు వేశాడు. దాదీ ఆ ఇంటికి కోడలై వచ్చింది 1948 మొదట్లో, పదహారేళ్ల వయసులో. దక్ష కంటే ఒక్క యేడు పెద్ద. డైరీ లేదు. ఉర్దూ అక్షరాలు కూడబలుక్కుని చదివేది, రాయడం రాదు.

మా ఇళ్లల్లో వంటకు రాగి దేగ్చీలు. ఏడాదికోసారి కళాయివాడు వీధిలోకొచ్చి పొయ్యి పెట్టేవాడు. ఆ రాగి మధ్యలో ఒక్కటే ఇత్తడి గంగాళం. పెద్దది, పిల్లలం ఇద్దరం కూర్చోవచ్చు. పెరట్లో మునగచెట్టు కింద ఉండేది. స్నానాలకు, బట్టలకు, మేకలకు అందులో నీళ్లే. నమాజుకు ముందు వజూ చెయ్యాలంటే మాత్రం దాదీ ఆ నీళ్లు ముట్టేది కాదు. అవతలి మూల మట్టి గోలెం దాకా పోయి బధ్నా నింపుకునేది. మోకాళ్ల నొప్పులతో కూడా అంతదూరం పోయేది. మమ్మల్నీ చెయ్యనిచ్చేది కాదు. అదెందుకని అడిగితే, వొంగితే అందులో పడతారు అనేది. స్నానానికి ముంచుకుంటే పడమా అని మాకు తోచలేదు. పిల్లలకు పెద్దల తర్కం అలవాటై ఉంటుంది.

ఆ గంగాళం అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలుండేవి. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చిన మొదటి ప్రాణి మేమే. అబ్బా, బడే అబ్బా ఉర్దూ మీడియం. మమ్మల్ని దగ్గరలో ఉందని తెలుగు బళ్లో వేశారు. మూడో తరగతిలో అక్షరాలు కలిపి చదవడం వచ్చిన కొత్తలో కనబడ్డ ప్రతిదీ చదివేవాళ్లం. బస్సు మీది పేర్లు, సబ్బు కాగితం, సినిమా పోస్టర్లు. ఒక మధ్యాహ్నం గంగాళం మీద పడ్డాం. ఒక ఆడమనిషి పేరు. కింద ఒక ఊరి పేరు. దాని పక్కన ‘చిత్రభాను’ అని ఉంది. చిత్రభాను అంటే ఆమె మొగుడనుకున్నాం. తెలుగు సంవత్సరాలకు పేర్లుంటాయని, అది 1942 అని, పుట్టింటివాళ్లు పెండ్లికి పెట్టిన సామాను మీద అలా కొట్టిస్తారని పెద్దయ్యాక తెలిసింది. ఆ పూట మాత్రం గట్టిగా, బళ్లో అప్పజెప్పినట్టు పైకి చదివాం. బియ్యం ఏరుతున్న దాదీ చేట కిందపెట్టి లేచింది. కొట్టలేదు, తిట్టలేదు. గంగాళంలోని నీళ్లన్నీ పారబోసి, రెండు చేతులతో దాన్ని జరిపి, అక్షరాలున్న వైపును గోడకేసి తిప్పింది. మళ్లీ కూర్చుని బియ్యం ఏరింది. అది 1987. అప్పట్నుంచి అది అలానే ఉంది.

బడే అబ్బా చెప్పే కథ ఒకటుంది. అది అమానత్ అని. 1948 ఎండాకాలంలో రజాకార్ల భయానికి బజారు సేట్లు చాలామంది బెజవాడ వైపు వెళ్లిపోయారు. దుకాణం పక్కనే నాకా కాబట్టి, దాదా నమ్మకస్తుడు కాబట్టి, ఒక సేటు తన సామాను దాదా దగ్గర దాచమని ఇచ్చి పోయాడు, తిరిగొచ్చి మిగతావి తీసుకున్నాడు, గంగాళం మాత్రం ఉంచుకోమన్నాడు. ఈ కథ ఈద్‌కు ఈద్‌కు వినేవాళ్లం. ప్రతిసారీ సేటు కళ్లల్లో నీళ్లు ఇంకొంచెం ఎక్కువయ్యేవి.

2013లో సుందర్‌లాల్ కమిటీ నివేదిక పత్రికల్లోకి వచ్చింది. పోలీస్ యాక్షన్ తర్వాత కేంద్రమే పంపిన కమిటీ. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ 1948 నవంబరు, డిసెంబరుల్లో జిల్లాలు తిరిగి రాశారు. సెప్టెంబరు 13న సైన్యం వచ్చిన దగ్గర్నుంచి, ఆ తర్వాత రోజుల్లో, తక్కువలో తక్కువ లెక్కేసుకున్నా 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అందులో ఉంది. ఎక్కువగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. అరవై ఏళ్లకు పైగా ఆ కాగితాలు మూతబడి ఉన్నాయి. ఎ.జి. నూరానీ ఆ ఏడాదే తన పుస్తకంలో వేశాడు. మేం ఆ పుస్తకం తెచ్చి అబ్బాకు రాత్రిళ్లు ఉర్దూలో చెబుతూ చదివాం. మా ఇంట్లో పోలీస్ యాక్షన్ అనే మాట తక్కువ. గడ్‌బడ్ అంటారు. గడ్‌బడ్‌లో దాదా తమ్ముణ్ణి చంపి బావిలో వేశారు. పందొమ్మిదేళ్లవాడు, ఎవరి జోలికీ పోనివాడు. ఆ బావి మాకు తెలుసు. ఊరికి పోయినప్పుడల్లా ఆ పక్కనుంచి పోకుండా చుట్టు తిరిగి పోతాం. కాబట్టి ఆ నివేదిక చదవడం మాకు చదువు కాదు, సాక్ష్యం దొరకడం.

ఆ నివేదికలోనే రజాకార్ల గురించీ ఉంది. ఊరూరా నెలకింతని వసూళ్లు కట్టారని, ఇచ్చినచోట పెద్ద గొడవ లేదని, ఇవ్వమన్నచోట లూటీ చేశారని రాశారు. అది చదివి వినిపించగానే అబ్బా చెయ్యెత్తి ఆపాడు.

‘ఇస్‌మే అప్నా గావ్ హై?’ అన్నాడు.

లేదన్నాం.

కాసేపాగి తెలుగులో చెప్పాడు. అబ్బా మాతో తెలుగు మాట్లాడితే అది బయటి సంగతన్నట్టు. దుకాణంలో, ఆఫీసులో మాట్లాడే భాష. ఆ భాషలో అయితే చెప్పగలననుకున్నాడేమో. ‘ఆ సేటు ఇయ్యనన్నడట. రాత్రి పోయిన్రు. మా నాయిన గూడ పోయిండు. పొద్దుగాల్ల బండి మీద గంగాళం వచ్చింది. మా అమ్మ కొత్త కోడలు. ఎక్కడిది అని అడిగితే, నీళ్లు పొయ్యి అన్నడట.’

దాదీ 2004లో పోయింది. పోయే ముందు ఈ మాట కొడుకుతో చెప్పింది. చిన్నకొడుకుతో. పెద్దవాడికి చెప్పలేదు. ఆయన అమానత్ కథ పాడవుతుందని జాలిపడిందో, నమ్మడని తెలుసో. దత్తాని నాటకంలో మగవాళ్లు దాచారు, ఆడమనిషి మోసపోయింది. మా ఇంట్లో ఆడమనిషికి తెలుసు. తెలిసి యాభై ఆరేళ్లు ఆ గంగాళం నీళ్లతో ఇల్లంతా కడిగింది, తన వజూ మాత్రం గోలెం నీళ్లతో చేసుకుంది. ఆమె చెయ్యగలిగిన న్యాయం అంతవరకే.

మా ఇంట్లో బావి కథ ఉంది, గంగాళం కథ లేదు. ఊళ్లో గంగాళం లాంటి కథలు బోలెడు, బావి కథ లేదు. ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటూ పక్కపక్కనే ఉప్పూ పప్పూ కొనుక్కున్నాం. సెప్టెంబరు 17 వస్తే ఒకరు విమోచనమంటారు, ఒకరు విలీనమంటారు. 2022లో కేంద్రం ఒక పేరుతో, రాష్ట్రం ఒక పేరుతో జరిపాయి. 2024లో రాష్ట్రం పేరు మళ్లీ మారి ప్రజాపాలన దినమయింది. పేర్లు మారినప్పుడల్లా మేం వార్త రాసిచ్చాం.

ఇది రాస్తున్నామని తెలిసి మావాళ్లొకరు అడిగారు, ‘ఇప్పుడా?’ అని. 2024లో ‘రజాకార్’ సినిమా వచ్చిన రోజుల్లో మా కాలనీ పిల్లలు ఆ థియేటరున్న వీధిలో సాయంత్రాలు తిరగడం మానేశారు. ఆ మాటను ఇప్పుడు ఎవరి మీదనైనా విసరొచ్చు. పంక్చర్లు వేసుకునేవాడి మనవడి మీద కూడా. రాయి మా చేత్తో మేమే అందిస్తున్నామా? ఆ ప్రశ్నను తోసెయ్యడం మాకు చేతకాలేదు. రాసి, చించి, మళ్లీ రాశాం. చివరికి మాకు తోచింది ఇదీ. మా దాదా తమ్ముడి బావి గురించి ఊరు మాట్లాడాలని మేం అడుగుతున్నాం. అడిగే నోటికి గోడవైపు తిప్పిన గంగాళం అడ్డం వస్తోంది. దాదా చేసినదానికి బావి సమాధానం కాదు. బావికి గంగాళం కూడా సమాధానం కాదు. తమ్ముడు లూటీకి పోలేదు. చచ్చింది అతను, పోయినవాడు బతికాడు.

ఆ సేటు వారసులు ఊళ్లోనే ఉన్నారు. అదే బజారు, కిరాణా. ఇప్పుడు కూర్చునేది మనవడు, అరవైకి దగ్గరపడ్డ మనిషి. అబ్బా 2021లో పోయాడు. ఆ తర్వాత రెండుసార్లు ఆ దుకాణానికి వెళ్లాం. మొదటిసారి అరకిలో బెల్లం కొనుక్కొచ్చాం. రెండోసారి సబ్బు. మూడోసారి గంగాళం అక్షరాలను ఫోన్‌లో ఫొటో తీసుకుని పోయాం. దానికోసం దాన్ని గోడ వైపునుంచి తిప్పాల్సొచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా కదలక అడుగు నేలకు పట్టేసింది, గడ్డపారతో లేపాం.

ఫోన్ చూపిస్తే సేటు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. వేలితో అక్షరం అక్షరం పెద్దది చేసుకుని చదివాడు, మేం మూడో తరగతిలో చదివినట్టే.

‘మా నాయనమ్మ పేరు’ అన్నాడు. ‘ఏడిది ఇది?’

‘మా ఇంట్ల ఉన్నది సేటూ.’

ఎట్లా వచ్చిందని అడుగుతాడనుకున్నాం. దానికి జవాబు రెండు భాషల్లోనూ తయారుచేసుకుని పోయాం. అడగలేదు. ఒకామెకు కందిపప్పు తూచి ఇచ్చాడు. ఒక పిల్లవాడికి చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. మళ్లీ మావైపు తిరిగాడు.

‘నీళ్లు పోస్తున్నరా అండ్ల?’

‘పోస్తున్నం.’

‘కారుతలేదా?’

‘లేదు.’

ఫోన్ తిరిగిచ్చాడు. ‘ఆదివారం మధ్యాహ్నం దుకాణం బందు’ అన్నాడు. ‘వస్త. చూస్త ఒకసారి.’

శనివారం రాత్రి అమ్మీ పెరట్లో లైటేసుకుని కూర్చుంది. చింతపండు, బూడిద కలిపి గంగాళాన్ని తోమడం మొదలుపెట్టింది. డెబ్బై దాటిన మనిషి, మేం తోముతామంటే వినలేదు. ఆ చుక్కల అక్షరాల్లో పేరుకున్న పాచిని పుల్లతో తీస్తూ ఉంది. అవి ఏం అక్షరాలో ఆమెకు తెలీదు. మధ్యలో తలెత్తి అడిగింది.

‘అప్నే ఘర్‌మే చాయ్ పీతే క్యా, ఉనో?’

మనింట్లో చాయ్ తాగుతాడా, ఆయన. మాకు తెలీదన్నాం. ఏ కప్పులు తియ్యమంటావ్ అని మళ్లీ అడిగింది. చింతపండు రసం ఆమె మోచేతుల దాకా కారుతోంది.